లెక్కలకూ బదులు పని కావాలి

లెక్కలు ఒంటరిగా చేయవలసినవేనని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. పక్కవాణ్ణి అడిగితే కాపీ అన్నారు. నేనూ నమ్మాను.

అమెరికా గణిత సంఘం 2008లో మొదలుపెట్టిన వేసవి పరిశోధన శిబిరాల సంగతి చదివాక ఆ నమ్మకం సడలింది. పి.హెచ్.డి. ముగించబోతున్నవారూ, ఇటీవలే ముగించినవారూ ఒక వారం ఒకచోట చేరతారు. తొలినాళ్లలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ కొండల్లో కలిసేవారు. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నల మీద జట్లుగా కూర్చుంటారు. ఇళ్లకు వెళ్లాకా పని ఆగదు. జనవరి మహాసభలో మళ్లీ కలుస్తారు.

ఇందులో మనకు కొత్తేముంది? నాట్లప్పుడు మా ఊళ్లో బదులు పనికి పోతాం. ఈరోజు మీ మడి, రేపు మా మడి.

అయితే ఒక్కమాట. వేసవిలో నేను ఇంటికి పోకపోతే పొలానికి ఎరువు తోలడానికి నాన్న కూలి మనిషిని పెట్టాలి. అక్కడ ప్రభుత్వ నిధులు తిండీ, బసా చూశాయి. మన పి.జి. విద్యార్థులకూ అలాంటి వేసవి కావాలంటే ముందు దారి ఖర్చు, భోజనం ఏర్పాటు చేయాలి. లేకుంటే వచ్చేది తెలివున్నవాళ్లు కాదు, తీరికున్నవాళ్లే.

మిత్రులారా, మన సంఘం కోర్కెల పత్రంలో ఇదొకటి చేర్చండి.