నెలకు మూడు వానలు

ఇటు తునియు అటు పాయకరావుపేటయు నడుమ తాండవను పెట్టుకొని ఒండొంటిని చూచుకొనుచుండెడి రేవున, వేసవి సాయంకాలమున ఎండిన యిసుకను చూచి వృద్ధుడెవడైన నిట్టూర్చెనేని, ఆ నిట్టూర్పు వెంట తప్పక వచ్చెడి మాట యొకటి కలదు: పూర్వము నెలకు మూడు వానలు కురిసెడివి, మనుష్యుల నడవడి చెడినది గనుక మేఘముల నడవడియు చెడినది. తమలపాకు తోటకు తడి యందక తల పట్టుకొన్న రైతు నోట ఈ మాట విన్నప్పుడు కాదనుటకు మనసొప్పదు. ఐనను ఒక ప్రశ్న మిగిలియే యుండును. ఆ పూర్వ మెప్పటిది? తాతల నాటిదా, కాకతీయుల నాటిదా, అంతకు పూర్వపుదా? దానికి సాక్షి యెవరు?

వ్రాతసాక్ష్యము మిక్కిలి కురుచ. భారత వాతావరణ శాఖ యేర్పడినది 1875లో. ఆ శతాబ్దపు వానలనుగూర్చి జనుల నోట మిగిలినవి ముఖ్యముగా కరవుల పేర్లు: 1832-33 నాటిది నందన కరవు, 1876-77 నాటిది ధాత కరవు. మన పెద్దలు కరవునకు సంవత్సరము పేరు పెట్టి గుర్తుంచుకొనిరేగాని మంచివానకు పేరు పెట్టలేదు. అందువలన కరవులు జ్ఞాపకమున విడివిడి గుంజలవలె నిలువగా, వాని నడుమనున్న కాలమంతయు నెలకు మూడు వానల కాలముగా మనకు తోచుచున్నది.

కాగితము చెప్పలేనిదానిని బురద చెప్పును. ఏటేట వానకాలమున వాగులు కొండమట్టిని కడిగి తెచ్చి సరస్సులో దింపును. ఆ మట్టితోబాటు చుట్టుపట్ల పూచిన పూల పుప్పొడియు, రాలిన ఆకుల మైనమును, నీటిలో బ్రదికి చచ్చిన సూక్ష్మజీవుల చిప్పలును అడుగున చేరి, మరుసటి యేటి మట్టి క్రింద మరుగుపడును. శాస్త్రజ్ఞులు ఆ యడుగున పొడవైన గొట్టమును దింపి, పొరలు చెదరకుండ మట్టిస్తంభమును పైకి తీయుదురు. అందలి ఆకుముక్కలలోని కర్బనము-14, 5,730 సంవత్సరముల కొకమారు సగమగు ధర్మము కలదగుటచే, ఏ పొర యెప్పటిదో తెలుపును. గడచిన నూరు, నూటయేబది యేండ్ల లెక్కకు సీసము-210 తోడ్పడును. పుప్పొడి రేణువు పైతొడుగు వేలయేండ్లు బురదలో నున్నను కుళ్లని గట్టిది. దానినిబట్టి ఆ కాలమున అడవి యుండెనో గడ్డిమైదాన ముండెనో చెప్పవచ్చును. ఇట్టి విద్యను పెంచుటకే లక్నోలో వృక్షశాస్త్రజ్ఞుడైన బీర్బల్ సాహ్ని పేర నొక సంస్థ 1946 నుండి పనిచేయుచున్నది.

ఈ విద్య మన దక్కను గురించి యేమి చెప్పినది? మహారాష్ట్రలోని బుల్ఢానా జిల్లాలో, ఉల్క పడుటచే నల్లరాతి నేలలో ఏర్పడిన లోణార్ సరస్సు కలదు. దాని గుంట అడ్డుకొలత 1.8 కిలోమీటర్లు. దానినుండి తీసిన మట్టిస్తంభములో కొన్ని పొరలయందు గేలుసైటు అను లవణపు స్ఫటికములు కనిపించినవి. నీరు ఇగిరి చిక్కనైనప్పుడుగాని ఇవి ఏర్పడవు. ఆ పొరల వయస్సులను లెక్కించి, నేటికి 4,600 నుండి 3,900 సంవత్సరముల క్రింద నొకమారును, 2,000 నుండి 600 సంవత్సరముల క్రింద మరియొకమారును దీర్ఘమైన అనావృష్టి కాలములు గడచినవని భారత, జర్మను శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిరి.

రెండవ సాక్షి మన యింటి నదియే. 2006లో సముద్రగర్భ వాయునిక్షేపములను వెదకుచు వచ్చిన జోయిడిస్ రిజల్యూషన్ అను నౌక గోదావరి ముఖమున కెదురుగా, వేయి మీటర్లకు మించిన లోతున, అడుగుమట్టిని తీసినది. ఇది సరస్సు కాకున్నను చేసిన పని సరస్సుదియే. నాసిక మొదలుకొని ధవళేశ్వరము దాక గోదావరి కడిగి తెచ్చిన ఆకుల మైనమంతయు అందు పొరలుగా నున్నది. చెట్లయొక్క మైనమును ఎండ కోర్చు గడ్డియొక్క మైనమును కర్బనపు తేడానుబట్టి వేరుచేసి చూడగా, సుమారు 4,000 సంవత్సరముల క్రిందటి నుండి 1,700 సంవత్సరముల క్రిందటి వరకు గోదావరి పరీవాహకమున పొడినేల మొక్కలు క్రమముగా పెరుగుచు వచ్చి, ఆ పిమ్మట అట్లే నిలిచిపోయెనని 2012లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. మధ్య దక్షిణ భారతములలో జనులు ఒకచోట కుదురుకొని సేద్యము సాగించుట స్థిరపడినది ఈ యెండుకాలముననే యని ఆ శాస్త్రజ్ఞులు గమనించిరి. నెలకు మూడు వానలు ఎడతెగక కురిసిన స్వర్ణయుగ మా బురదలో కానరాదు. మన సేద్యము వానలు తగ్గుచుండగా నేర్చుకొన్న విద్య.

ఇచ్చట నొక తార్కికుడు లేచి, వాన లెల్లప్పుడును మారుచున్నవేకదా, ఇప్పటి మార్పునకు మాత్రము భయమెందుకనును. అతని మాటలో సగమే నిజము. ఆనాటి మార్పు పెక్కు తరముల మీదుగా నడచినది. జనులు పల్లెలు మార్చిరి, పంటలు మార్చిరి, చెరువులు త్రవ్విరి. ఇప్పటి వేడిమి ఒక్క మనిషి ఆయుర్దాయములోనే కొలతకు వచ్చుచున్నది. పైగా, మనుష్యుని ప్రమేయము లేకయే ఇంత ఊగిసలాడగల ఋతుపవనమును మన పొగతో మరింత కదపుట వివేకమగునా? బురద చెప్పు కథ మనకు అభయము కాదు, హెచ్చరిక.

అట్టి కథలను బురదలో దాచిన గ్రంథ మొకటి మన ముంగిటనే కొల్లేరు రూపమున నున్నది. ఒకప్పుడు సముద్రము ఇప్పటి కొల్లేటి దాపున నుండెను. కృష్ణా గోదావరులు ఒండ్రు వేసి తీరమును ఆగ్నేయమునకు నెట్టుకొని పోగా, వెనుక మిగిలిన పల్లము ఉప్పునీటి మడుగై, తుదకు బుడమేరు తమ్మిలేరుల నీటితో మంచినీటి సరస్సైనది. ఆ కథ దాని యడుగుమట్టిలో నున్నది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దానిని అభయారణ్యముగా ప్రకటించిరి; 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిరి; 2006లో అక్రమపు చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి; గట్లు మరల లేచినవి. కొల్లేటిని గూర్చి వాదించువారు కొంగలను, చేపలను, జీవనోపాధిని, వరదనీటిని ఎత్తి చెప్పుదురు, అవన్నియు నిజమే. అడుగుమట్టి పక్షమున మాటాడువాడు లేడు. పొక్లెయిను ఒక్కమారు తొట్టి ముంచి గట్టుమీద కుమ్మరించునప్పుడు, వరుసగా నున్న వేయేండ్ల పుటలు కలగలిసి చదువరాని ముద్దయగును. చేపలను మరల పెంచవచ్చును, కొంగలు మరల రావచ్చును. చెదరిన పొరలను మరల పేర్చువాడు లేడు.

నేను పూడికతీతకు విరోధిని కాను. పూడిన చెరువునకు నీరు పట్టదు. తీసిన మట్టి చేలకు బలము. 2015లో తెలంగాణమున మొదలైన మిషన్ కాకతీయయు, ఆంధ్రదేశమున నీరు-చెట్టును పూడిక తీయు పథకములే, రైతు కోరినవే. ఏటేట ఎండి, పశువులు త్రొక్కి, దున్నబడు చెరువుల పొరలు చదువుటకు పనికిరావనియు నెరుగుదును. కాని కాకతీయుల నాటి రామప్ప, పాఖాలవంటి పాతచెరువులలో, తేమ యారని లోతైన మూలలలో, ఏడెనిమిది వందల యేండ్ల మట్టి చెదరక నిలిచియుండుట కవకాశము కలదు. ఆ మూల నొక గొట్టము దింపుటకు పట్టు కాలము ఒకటి రెండు దినములు. దాని వ్యయము పూడికతీత యంత్రపు వ్యయముముందు ఏపాటి?

కావున పాలకులకు చేయు మనవి చిన్నది. పెద్దచెరువు పూడికతీత అంచనా వ్రాయునప్పుడు, కొల్లేటి గట్లనుగూర్చి ఉత్తరువు లిచ్చునప్పుడు, మొదట విశ్వవిద్యాలయపు భూవిజ్ఞాన శాఖవారిని పిలిచి మట్టిస్తంభములు తీయించి భద్రపరుపవలెనని ఒక్క పంక్తి చేర్పుడు. వానిని చదువు తీరిక నేడు లేకున్న రేపు కలుగును. వేసవి రాగానే చెరువులలో యంత్రములు దిగును. గొట్టము వానికంటె ముందు దిగవలెను.