తోతాపురియు ముందు బేరమును

2025వ సంవత్సరపు కాపునందు చిత్తూరు, తిరుపతి జిల్లాలలోని గుజ్జు ఫ్యాక్టరీల వాకిళ్లయెదుట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి నిలిచియుండుట పాఠకులు మఱచియుండరు. నాడు ప్రభుత్వమువారు కిలోకు 12 రూపాయలు నిర్ణయించి, అందు 8 రూపాయలు ఫ్యాక్టరీలవారును, 4 రూపాయలు తామును చెల్లించునట్లు ఏర్పాటు చేసిరి. ఆ యెనిమిదియు తమకు ముట్టలేదని రైతులు మొఱపెట్టుకొనిరి. క్రిందటి యేటి గుజ్జే మిగిలియున్నదని ఫ్యాక్టరీలవారనిరి. ఆ తగవు తీర్చుట మా పని కాదు. కాయ కోసిన పిదప ధరకై పెనగులాడవలసివచ్చుటయే మాకు విచారకరము.

ముందుగా ధర నిశ్చయించుకొనుట యన్నంతనే మనవారికి సట్టా జూదము స్ఫురించును. ఆ భయము వట్టిది కాదు. 1955-56లలో షికాగోయందు ఇరువురు వర్తకులు నీరుల్లి నిలువలను చేజిక్కించుకొని, ధర పడిపోవునని వాయిదా బేరములు చేసి, సరకును సంతపై క్రుమ్మరించిరి. ఉల్లికంటె సంచియే ప్రియమయ్యెను! 1958లో అమెరికావారు ఉల్లి వాయిదా వ్యాపారమునే నిషేధించిరి. మన దేశమునను 2021 డిసెంబరులో సెబీవారు వడ్లు, గోధుమ, సెనగలు మొదలగు ఏడు సరకుల వాయిదా బేరములను నిలిపివేసిరి. అయినను ఆహారధాన్యముల ధరలు పెరుగుటకు ఆ వ్యాపారమే హేతువని 2008లో అభిజిత్ సేన్ సంఘము నిస్సంశయముగ తేల్చలేకపోయెను. సట్టాదారుని వెడలగొట్టినంతమాత్రమున ఒడుదుడుకులు పోవు. మదనపల్లె టమాటాకు వాయిదా సంత యెక్కడిది? 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన ఆ కాయ సెప్టెంబరునాటికి పది రూపాయల ప్రాంతమునకు దిగజారెను.

మామిడికాయ కుళ్లిపోవునది గనుక వాయిదా సంతకు పనికిరాదు. గుజ్జు నిలువయుండును, దానికి ముందు ధర కుదుర్చుకొనుట ఎగుమతివర్తకులకు అసాధ్యము కాదు. రైతునకున్న ముందు బేరమెల్ల పూతనాడే తోటను గుత్తకిచ్చుట. అందు నష్టభయము గుత్తదారునకు పోవును. లాభమును వాని వెంటనే పోవును.

2020 నాటి కేంద్ర శాసనము పంటకు ముందే ధర యొడంబడికకు అవకాశము కల్పించెను గాని, తగవు వచ్చినచో సివిలు కోర్టు త్రోవను మూసివేసెను. 2021లో అది రద్దయ్యెను. మా దృష్టిలో దోషము మూసిన త్రోవయందే గాని యొడంబడికయందు లేదు. పిందె కనబడునాటికే ఏ ఫ్యాక్టరీ యెన్ని టన్నులు ఏ ధరకు కొనునో వ్రాతమూలముగ తీసికొని, మాట తప్పినవారిని కోర్టు కీడ్చు హక్కు రైతునకిచ్చినచో, ఆ 4 రూపాయల సహాయమును వ్రాసియిచ్చిన ఫ్యాక్టరీలకు కాయ తోలిన రైతులకే మొదట చెల్లింపవచ్చును.