మీటల పలకకు మరో జన్మ

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు వినగానే తెలుగువారికి ఐ.ఏ.ఎస్. శిక్షణాలయాలు, ఇరుకు గదులలో దీపం ఆర్పని విద్యార్థులు జ్ఞప్తికి వస్తారు. దేశవిభజన నాటి కాందిశీకులకు నీడనిచ్చిన పేట అది. దానికి చేరువనే, కరోల్ బాగ్‌లో, గఫార్ మార్కెట్ ఉంది. మూగవోయిన ఫోనులకు మాట తెప్పించే అంగళ్ళు అక్కడ బారులు తీరి ఉంటాయి. అయినా, ‘బి.బి.సి. మైక్రో’ కంప్యూటరుకు కొత్త కీబోర్డు ఇమ్మంటే ఏ వర్తకుడు ఇవ్వగలడు? ఆ యంత్రం తయారీ 1994లోనే ముగిసింది. కావలసినవారు స్వయంగా కట్టుకోవలసిందే.

అది మనకు పరాయి యంత్రం కాదు. 1984లో భారత ప్రభుత్వం ‘క్లాస్’ పథకాన్ని ఆరంభించి, సుమారు 250 పాఠశాలలతో మొదలుపెట్టి, పిల్లల ముందుంచినది దీనినే. ఎందరో బాలబాలికల వేళ్ళు కంప్యూటరును తొలిసారి తాకినది ఈ నల్లని మీటల మీద, వాటి పైవరుసలోని పది ఎర్రని మీటల మీద. లోపలి చిప్పులు చెక్కుచెదరకున్నా, దుమ్మూ తేమా చేరి మీటలు పలకనందున యంత్రమంతా మూలపడవచ్చు.

ప్రతిరూపం చేయబూనినవారు పొరబడేది ఒకచోట: మీటలంటే ఒట్టి స్విచ్చులేనని తలుస్తారు. ఈ పలకలోనే ఒక లెక్కింపు చిప్పు ఉంది. రాత్రి కావలివానివలె అది మీటల వరుసల వెంట ఎడతెగక గస్తీ తిరుగుతుంది. మీట నొక్కితే ప్రధాన చిప్పును హెచ్చరిస్తుంది; ఆ మీట ఏదో వెదకి పట్టుకునే పని ప్రధాన చిప్పుది. ‘బ్రేక్’ మీట మాత్రం ఈ గస్తీకి లోబడదు. దాని తీగ నేరుగా, యంత్రాన్ని మళ్ళీ మొదటికి తెచ్చే చోటికే పోతుంది. తెలియక దానినీ తక్కిన మీటల వరుసలో కలిపివేస్తే, ప్రోగ్రాము చిక్కుపడిననాడు కరెంటు ఆపడం తప్ప గత్యంతరం ఉండదు.

అసలు ప్రయాస మీటల తలలది. పైపైన అచ్చువేసిన అక్షరాలు త్వరలో అరిగిపోతాయి. రెండు రంగుల ప్లాస్టిక్కును ఒకదానిలో మరొకటి పోతపోస్తే చిరకాలం నిలుస్తాయి గాని, ఒక్క కీబోర్డు కోసం అచ్చులు చేయించడం ఎవరికి సాధ్యం? అందువల్ల పాత తలలనే ఊడదీసి, కడిగి, కొత్త స్విచ్చులకు తొడగడం మేలు. కాడలు సరిపడకపోతే నడుమ చిన్న ముక్క అమర్చాలి. ఓపిక గలవారికే ఈ పని!

అంతా ముగిశాక, డిస్కు డ్రైవు ఉన్న యంత్రమైతే పరీక్ష సులువు. షిఫ్ట్ మీటను అదిమిపట్టి, బ్రేక్‌ను ఒక్కమారు తట్టి వదలాలి. డిస్కు గరగరమని తిరగాలి.