గడ్డి కప్పేముందు ఒక్కసారి వాసన చూడండి



పోయిన ఏడాది జూలై వానల్లో మన సంఘంలోని ఒక సహోదరి నన్ను తన పెరటికి పిలిచింది. "అయ్యగారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఓసారి వచ్చి చూడండి" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఇరవై రెండు బొప్పాయి మొక్కల్లో పద్నాలుగు తల వాల్చేశాయి. మొదట్లో కుప్పగా ఉన్న వరిగడ్డి పక్కకు తీసి చూస్తే కాండం నల్లబడి, వేలు పెడితే దిగిపోయేంత మెత్తగా ఉంది. పులిసిన వాసన గుప్పుమంది. మొదలు కుళ్ళు.

ఆ గడ్డి వెయ్యమన్నది నేనే. మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో, ఆరాధన అయ్యాక అందరి ముందూ నిలబడి "నేలను బోసిగా ఉంచకండి, కప్పండి, ఎంత మందంగా కప్పితే అంత మంచిది" అన్నాను. ప్రకృతి సేద్యం వాళ్ళు ఆచ్ఛాదన అంటారు, తోటల వాళ్ళు మల్చింగ్ అంటారు. ఆ మాట ఎండాకాలానికి నూటికి నూరుపాళ్ళు నిజం. నీళ్ళు ఆవిరైపోవు, కలుపు తగ్గుతుంది, వానపాములు పైకి వస్తాయి. వానాకాలంలో ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. డ్వాక్రా అప్పుతో ఆ మొక్కలు కొనుక్కున్న మనిషి నా సగం మాట నమ్ముకుని నష్టపోయింది. కొత్త మొక్కల ఖర్చు నేను పెట్టుకున్నాను, ఆమె వద్దంటున్నా.

అప్పటినుంచి ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే కప్పు చాలావరకు పొడి ప్రాంతాలకు, చలి ప్రాంతాలకు సరిపోయేది. మన గోదావరి డెల్టా అలాంటిది కాదు. నల్లమట్టి నీరు పట్టుకుంటుంది, గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది, వేడి సరేసరి. వేడీ తడీ కలిసినచోట బూజులూ సూక్ష్మజీవులూ రాత్రింబవళ్ళు పని చేస్తాయి. కాబట్టి ఇక్కడ కప్పు త్వరగా చివికి ఎరువైపోతుంది, అది మేలే. కానీ మందంగా వేసి వదిలేస్తే అడుగున గాలాడక పులుస్తుంది. పులిసిన చెత్తలో పుట్టే ఆమ్లాలు లేత వేళ్ళను కాల్చేస్తాయి.

అందుకే ముందు వాసన చూడమంటాను. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తే వెయ్యండి. పుల్లటి వాసనో, కుళ్ళిన గుడ్డు వాసనో వస్తే ఎండలో పలచగా పరిచి, రెండు మూడు రోజులు తిరగేసి ఆరబెట్టాకే వాడండి. మందం వేసవిలో నాలుగు అంగుళాల వరకు ఫరవాలేదు. వానలు పట్టాక రెండు అంగుళాలు చాలు. ఏ కాలమైనా కాండానికి జానెడు దూరం వదలాలి. గడ్డి మొక్క చుట్టూ పళ్ళెంలా ఉండాలి గాని మెడకు మఫ్లరులా చుట్టుకోకూడదు. ఇంకొక సంగతి, నేల తడిగా ఉన్నప్పుడే కప్పాలి. ఎండిన నేల మీద వేస్తే చిన్న చిన్న జల్లులన్నీ గడ్డే తాగేస్తుంది, వేరుకు చుక్క దిగదు.

ఇక ఏది వెయ్యాలి అంటే, మన దగ్గర దొరకనిదేముంది గనక! వరిగడ్డి మంచిదే, అయితే అది ముందు పశువుల మేత. గేదెల పాలతో బతికే ఇంట్లో గడ్డి మొక్కలకు పరవమని చెప్పడానికి నాకు నోరు రాదు. వానకు తడిసి నల్లబడి, పశువు ముట్టని గడ్డి ఉంటుంది చూడండి, అది ఆరబెట్టి వాడండి. దులిపి మరీ వాడండి. మిగిలిన గింజలకు ఎలుకలు చేరతాయి, కలుపు గింజలుంటే మీ కష్టం రెట్టింపవుతుంది. ఊక తేలికగా దొరుకుతుంది గాని పలచగా చల్లితే గాలికి పోతుంది, పెద్ద వానకు తేలిపోతుంది. సామిల్లు నుంచి తెచ్చిన పచ్చి రంపపు పొట్టు మట్టిలో కలిపితే మొక్కకు అందాల్సిన నత్రజని అదే లాక్కుంటుంది, ఆకులు పసుపుపచ్చగా మారతాయి. కొన్నాళ్ళు మాగనివ్వాలి.

కొబ్బరి డొక్కలు మన ప్రాంతానికి పెద్ద వరం. కొబ్బరి పరిశోధకుల సిఫారసు ప్రకారం చెట్టు చుట్టూ 1.8 మీటర్ల పాదులో, ఉబ్బెత్తు భాగం పైకి ఉండేలా 100 డొక్కలు పరిస్తే తేమ నిలుస్తుంది. బోర్లించడం అన్నమాట. పుంత పక్కన వెల్లకిలా పడేసిన డొక్కల్లో వాననీరు నిలిచి దోమలు పెరగడం మనం చూస్తున్నదే. అయితే కొబ్బరి తోటలో కుళ్ళిన పెంట, చివికిన మొద్దులు కుప్పలుగా ఉంచొద్దు. కొమ్ము పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. అరటి బోదెలను ముక్కలు చేసి కూరగాయల మళ్ళలో వెయ్యొచ్చు, చల్లగా ఉంటాయి. అరటి తోటలోనే వేస్తే మాత్రం దుంపను తొలిచే పురుగుకు ఇల్లు కట్టిచ్చినట్టే.

ప్లాస్టిక్ షీటు గురించి కొందరు యువకులు అడిగారు. పుచ్చకాయ, మిరప వేసేవాళ్ళు డ్రిప్పుతో పాటు వెండి రంగు షీటు పరుస్తున్నారు. కలుపు కూలీ ఆదా అవుతుంది, కాయ మట్టి అంటకుండా వస్తుంది, నేను కాదనను. పదిమంది కూలీలకు డబ్బివ్వలేని రైతును తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? కానీ 25 మైక్రాన్ల షీటు పంట అయ్యేసరికి పీలికలవుతుంది. పూర్తిగా ఏరడం ఎవరి తరమూ కాదు. ఆ పీలికలు దుక్కిలో కలుస్తాయి, గట్టున పడితే ఆవులు మేస్తాయి. పెరటి మొక్కలకైతే అది అవసరమే లేదు. ఎరువయ్యే చెత్త ఊరినిండా ఉండగా డబ్బు పెట్టి ఎరువుకాని చెత్త కొనుక్కోవడం నాకు మింగుడుపడని విషయం.

ఊరినిండా ఉన్న చెత్త అన్నాను గనక, మన మందిరం సంగతి కూడా చెప్పాలి. శనివారం సాయంత్రం ఆవరణ ఊడ్చి, మామిడాకులు, వేపాకులు వెనక గోడ దగ్గర పోగేసి నిప్పుపెడతాం. ఎన్నో ఏళ్ళుగా అలవాటు. ఆదివారం ఉదయం నేల అద్దంలా ఉండాలని మన ఆశ. ఊడ్చేవాళ్ళ శ్రద్ధను నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పొగకు గోడ అవతలి ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చోవడం నా కళ్ళతో చూశాను. అదే గోడ ఇవతల మనం నాటిన నిమ్మ, జామ మొక్కలు బోసి నేలలో ఎండుతున్నాయి. ఏప్రిల్‌లో వాటికి బిందెలతో నీళ్ళు మోసేదీ ఆ ఊడ్చే పిల్లలే. ఆకు కాల్చేదీ మనమే, నీళ్ళు మోసేదీ మనమే.

పెద్దలతో మాట్లాడాను. వచ్చే శనివారం నుంచి నిప్పు పెట్టం. మెట్ల దగ్గరా, నడిచే దారీ ఎప్పటిలాగే శుభ్రంగా ఊడుస్తాం. ఆకులు మాత్రం గోడ వెంబడి మొక్కలకు పోతాయి, మిగిలినవి మూలనున్న గోతిలోకి. ప్లాస్టిక్ గ్లాసులు, చాక్లెట్ కాగితాలు ముందే ఏరెయ్యాలి, ఆ పని సండేస్కూలు పిల్లలకు అప్పగించాం. ఆకుల కింద తేళ్ళు చేరతాయని కొందరు భయపడ్డారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే పిల్లలు కూర్చునే అరుగుకు ఆరు అడుగుల లోపు ఏమీ పరవం. ఆకు కదిపేటప్పుడు చేతితో కాక కర్రతో కదపండి.

ఆ సహోదరి మళ్ళీ పద్దెనిమిది బొప్పాయి మొక్కలు నాటింది. ఈసారి బోదెలు ఎత్తుగా చేసి వాటి మీద పెట్టింది, గడ్డి పలచగా, జానెడు ఎడంగా వేసింది. మొన్న వెళితే నేను అడక్కముందే పిడికెడు గడ్డి తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "చూడండి అయ్యగారూ, ఈసారి మట్టి వాసనే" అంది.