రోటవేటర్ బ్లేడ్ల వంకర: దిద్దవలసిన చోటు కొలిమి కాదు

రోటవేటర్ నడిపిన మడిలో దుక్కి లోతు ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఉంటే నేల తేమనో, ట్రాక్టర్ వేగాన్నో తప్పుపట్టడం పరిపాటి. బ్లేడ్ల ఆకారాన్ని కొలిచి చూసేవారు అరుదు. ఎల్ ఆకారపు బ్లేడ్లలో ఒక్కటి మెలి తిరిగినా కోత కోణం మారుతుంది. ప్రకంపనలు పెరిగి బోల్టులు వదులవుతాయి. చివరికి ఆ భారం బేరింగులపై పడుతుంది.

ఈ వంకర అంతా రాళ్లు తగిలి వచ్చినదే కాదు. కొంత బ్లేడుతోపాటే పుడుతుంది. బోరాన్ ఉక్కును ఎర్రగా కాచి నూనెలో ముంచినప్పుడు పలుచని అంచు ముందుగా, మందమైన భాగం ఆలస్యంగా చల్లబడతాయి. చల్లబడే ఉక్కు సంకోచిస్తుంది. మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు వ్యాకోచిస్తుంది. ఈ రెండు మార్పులూ బ్లేడు అంతటా ఒకేసారి జరగవు గనుక లోపల ఒత్తిళ్లు మిగిలి, బ్లేడు మెలిపడుతుంది.

దీనిని సరిచేయడానికి తగిన ఘట్టం కర్మాగారంలోని టెంపరింగ్. గట్టిపడిన బ్లేడును చట్రంలో బిగించి టెంపర్ చేస్తే, వేడికి ఉక్కు ఒత్తిడిని మెల్లగా విడిచి చట్రం ఆకారానికి లొంగుతుంది. చల్లారిన తరువాత ప్రెస్‌తో సరిచేయవలసి వస్తే, టెంపరింగ్ ఉష్ణోగ్రతకు కొంత దిగువన మరొకసారి కాచి ఒత్తిడి తొలగించాలి. చట్రాలకు ఖర్చవుతుందన్నది నిజమే. అయితే ఆ ఖర్చు తప్పించుకుంటే నష్టం రైతుకు చేరుతుంది.

గ్రామంలో జరుగుతున్నది వేరు. వంగిన బ్లేడును కొలిమిలోనో గ్యాస్ మంటతోనో ఎర్రగా కాచి, దాగలిపై సమ్మెటతో సాపు చేసి, గాలికి వదిలేస్తారు. ఎరుపు కంటికి కనబడిందంటే ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటినట్లే. ఆకారం తిరిగి వస్తుంది, గట్టిదనం పోతుంది. ఆ బ్లేడు త్వరగా అరిగిపోతుంది. అదే వేడిమీద నీటిలో ముంచితే పెళుసుబారి, రాయి తగిలినప్పుడు విరిగి పక్కనున్నవారికి ప్రమాదం తెస్తుంది. ఇందుకు కమ్మరిని నిందించడం అన్యాయం. ఆ బ్లేడును ఏ ఉష్ణోగ్రతవద్ద టెంపర్ చేశారో తయారీదారు అతనికి చెప్పలేదు.

కస్టమ్ హైరింగ్ కేంద్రాల కొనుగోలు షరతులలో గట్టిదనంతోపాటు గేజ్‌పై ఆకార పరీక్షను కూడా చేర్చాలి. టెంపరింగ్ ఉష్ణోగ్రతను బ్లేడ్ల పెట్టెపై ముద్రించాలి. దుక్కి ప్రయోగాలు చేసే శాస్త్రవేత్తలకూ ఇందులో బాధ్యత ఉంది: మెలి తిరిగిన బ్లేడ్లతో దున్నిన మడిలో మొలక శాతం తగ్గితే, ఆ తేడాను దుక్కి పద్ధతికి ఆపాదించడం పొరపాటు. ప్రయోగానికి ముందు బ్లేడ్లను కొలిచి, ఆ కొలతలను నేల సాంద్రత సరసన నమోదు చేయాలి.

అంతవరకు రైతు స్థాయిలో పాటించదగినది కొద్దే. స్వల్పమైన వంపును వేడి చేయకుండా ప్రెస్‌తో నెమ్మదిగా సరిచేసి, పగుళ్లకోసం పరిశీలించాలి. బోల్టు రంధ్రాలవద్ద వంగినదానిని తీసివేయాలి. దానితోపాటు ఎదుటి బ్లేడును కూడా మారిస్తే రోటర్ సమతూకం చెడదు.