తలాఖ్ తర్వాత పిల్లల ఖర్చు రెండేళ్లేనా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీల మీద బతికే మన కుటుంబాల్లో భార్యాభర్తలు విడిపోతే, విషయం ముందుగా పెద్దల దగ్గరికే వెళ్తుంది. మెహర్ ఎంత, ఇద్దత్ ఖర్చు ఎంత, బంగారం ఎవరిది అన్నవి ఒక పూటలో తేలిపోతాయి. పిల్లల సంగతి చివర్లో వస్తుంది. "రెండేళ్లు నిండిన పిల్లలకు తండ్రి ఇవ్వక్కర్లేదు, మన చట్టం అంతే" అని ఎవరో ఒకరు అంటారు. తల్లి సంతకం పెట్టేస్తుంది.

ఆ మాట తప్పని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది.

అసలు ఈ రెండేళ్ల లెక్క 1986 నాటి ముస్లిం మహిళల చట్టంలోది. షాబానో తీర్పు మీద గొడవ తర్వాత వచ్చిన చట్టం అది. పిల్లల్ని తల్లే పెంచుతుంటే, బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా మాజీ భర్త ఆమెకు ఖర్చు ఇవ్వాలని అందులో ఉంది. బీహార్‌లో ఓ తండ్రి దీన్నే పట్టుకున్నాడు. ముగ్గురు పిల్లలకు నెలకు తలా రూ.150 ఇవ్వమని గోపాల్‌గంజ్ మేజిస్ట్రేట్ చెబితే, తలాఖ్ ఇచ్చి, కొత్త చట్టం ప్రకారం రెండేళ్లే అన్నాడు. పాట్నా హైకోర్టు ఒప్పుకుంది. కానీ 1997 జులై 29న, నూర్ సబా ఖాతూన్ కేసులో, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రెండేళ్లు పసిబిడ్డను సాకే తల్లి హక్కు, పిల్లల హక్కు వేరు అంది. మైనారిటీ తీరేదాకా, లేదా సొంతంగా బతకగలిగేదాకా తండ్రి పోషించాలి. ఆడపిల్లలకైతే పెళ్లయ్యేదాకా. ఇందులో షరియత్‌కు విరుద్ధం ఏమీ లేదు, పిల్లల నఫఖా తండ్రిదే అని అది కూడా చెబుతుంది.

అప్పటి సెక్షన్ 125, 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144 అయింది. అదే నెల 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సెక్షన్ 125 కింద అడగవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

మగపిల్లాడికి మాత్రం చిక్కుంది. ఈ సెక్షన్ 18 ఏళ్లకు ఆగుతుంది, అంగవైకల్యం లాంటి కారణం ఉంటే తప్ప. అంటే ఇంటర్ అయ్యేసరికే డబ్బు ఆగిపోవచ్చు. డిగ్రీ, డిప్లొమా ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోవడం మేలు. ఆడపిల్ల విషయంలో నా భయం ఇంకొకటి: ఖర్చు తప్పించుకోవడానికే 18 నిండగానే నిఖా చేసేస్తారేమోనని.

"ఇక ఏమీ అడగను" అని తల్లి రాసిచ్చినా, అది పిల్లల హక్కును తీసేయదు. బిడ్డ సొమ్మును వదులుకునే అధికారం తల్లికి లేదు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నా బాధ్యత పోదు.

క్వారీ కూలీకి, లారీ డ్రైవర్‌కు జీతం చీటీ ఉండదు, "నాకు ఆదాయం లేదు" అనడం తేలిక. అందుకే 2020లో రజనీష్ కేసులో, ఇద్దరూ ఆస్తి, ఆదాయాల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు ఖాతా, బండి కాగితాలు అక్కడ పనికొస్తాయి. భరణం లెక్క దరఖాస్తు వేసిన రోజు నుంచే మొదలు కాబట్టి, ఇంట్లో నలుగుతూ పోయిన నెలలు పిల్లలకు పోయినట్టే.

ఆర్డర్ వచ్చాక ఇవ్వకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయొచ్చు. జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరదు. అయితే గడువు తేదీ నుంచి ఏడాదిలోపే వసూలు పిటిషన్ వేయాలి. లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు, ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది.