సస్తా గిటార్, పిల్లల షౌక్

మన ఇళ్లలో ఒక మాట చాలా తేలిగ్గా అనేస్తాం: "వాడి షౌక్ నాలుగు రోజులే." సైకిల్ అడిగినప్పుడూ అంటాం, రంగుల డబ్బా అడిగినప్పుడూ అంటాం. ఈ మధ్య గిటార్ అడిగితే అంటున్నాం. నా రాయ్ వేరు. గిటార్ కొని మూలన పడేసిన ఇళ్లు నేను కొన్ని చూశాను. చాలాసార్లు కసూర్ పిల్లలది కాదు, ఆ గిటార్‌ది.

మా ఖాలా కొడుకు ఇంట్లో జరిగింది చెబుతాను. కొడుకు పదో తరగతి పాసయ్యాడన్న ఖుషీలో ఆన్‌లైన్‌లో 2,400 రూపాయల గిటార్ తెప్పించాడు. సంచి, పట్టీ, అదనపు తీగలు, మీటడానికి ప్లాస్టిక్ ముక్కలు, అన్నీ అందులోనే. నల్లగా నిగనిగలాడుతూ దుల్హాలా ఉంది. మూడు వారాలకే పిల్లాడి వేళ్ల కొనలు పొక్కులెక్కాయి. ఎంత నొక్కినా తీగ 'టక్' మంటుందే తప్ప సుర్ రాదు. పొద్దున ట్యూన్ చేస్తే అస్ర్ వేళకి దిగిపోతుంది. నేను వెళ్లినప్పుడు మెడ మధ్యలో చూశాను, తీగ కింద పెన్సిల్ దూరేంత సందు. దాన్ని ఉస్తాదులు కూడా నొక్కలేరు. ఇంట్లో మాత్రం ఫైసలా అయిపోయింది: "వీడికి సబర్ లేదు." పిల్లాడూ అదే నమ్మేశాడు. 2,400 పోతే పోయాయి, మళ్లీ సంపాదించుకోవచ్చు. 'నా వల్ల కాదు' అన్న మాట పదిహేనేళ్ల పిల్లాడి దిల్‌లో కూర్చుంటే దాన్ని ఎవరు తీస్తారు?

గిటార్ వాయించడం మీద ఒక్కో ఇంట్లో పెద్దలకి ఒక్కో రాయ్ ఉంటుంది. ఆ బహస్ ఇక్కడ పెట్టను. అది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. కొందాం అని తేల్చుకున్నవాళ్లకే ఈ మష్వరా. ఒక్కటి మాత్రం చెప్పి ముందుకు పోతాను. గిటార్ అనగానే అంగ్రేజీ సామాను అనుకుంటారు కదా, ఆ పేరు గ్రీకుల 'కితారా', అరబ్బుల 'ఖీతారా', స్పెయిన్ వాళ్ల 'గితార్రా' మీదుగా నడిచొచ్చిన పేరు. బగ్దాద్ నుంచి జిర్యాబ్ అనే ఉస్తాద్ 822లో అందులుస్‌లోని ఖుర్తుబా చేరాడు. ఊద్‌కి అయిదో తీగ కలిపింది ఆయనేనని చెబుతారు. గిటార్ పెరిగి పెద్దదైంది ఆ స్పెయిన్ నేల మీదే. కాబట్టి మరీ పరాయిది అనుకోనక్కర్లేదు.

ఇక అసలు మాట. దుకాణంలోకి వెళ్లగానే మన కళ్లు రంగు మీదా మెరుపు మీదా పడతాయి. చూడాల్సింది తీగ ఎత్తు. దుకాణ్‌దార్లు 'యాక్షన్' అంటారు. తీగల కింద మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలే ఫ్రెట్లు, వీణకి మెట్లుంటాయే, అలా. పన్నెండో ఫ్రెట్ దగ్గర అన్నిటికన్నా లావు తీగకీ ఆ కడ్డీకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల సందు ఉంటే కొత్తవాళ్ల వేళ్లకి హాయి. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు మూడు కలిపి అక్కడ దూర్చండి. మూడు సరిపోతే భేష్. నాలుగు దూరితే కాస్త దింపించుకోవాలి. అయిదు కార్డులు హాయిగా దూరిపోతే ఆ గిటార్‌కి ఖుదా హాఫిజ్ చెప్పి పక్కదాన్ని అడగండి. భార్యాభర్తలిద్దరూ వెళితే జేబుల్లో, పర్సులో ఎలాగూ అన్ని కార్డులుంటాయి.

దింపడం పెద్ద పని కాదు. తీగల కింద బ్రిడ్జ్ మీద తెల్లటి పట్టీ ఒకటి ఉంటుంది, సాడిల్ అంటారు. దాని అడుగు భాగాన్ని గరుకు కాగితం మీద అరగదీస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటర్ దిగాలంటే సాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. తెలిసిన కారీగర్ కొన్ని వందల రూపాయలకి చేసిపెడతాడు. కానీ మెడే వంగిపోయి ఉంటే ఈ పని చాలదు. స్టీలు తీగలు ఆరూ కలిసి మెడని 70 కిలోల దాకా బరువుతో లాగుతుంటాయి, రాత్రీ పగలూ. అందుకే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ పెడతారు, తాళం తిప్పినట్టు తిప్పితే మెడ వంపు సరి చేసుకోవచ్చు. మరీ సస్తా గిటార్లలో కొన్నిటికి ఈ కడ్డీ ఉండనే ఉండదు, ఉన్నా నామ్ కే వాస్తే. "ట్రస్ రాడ్ ఉందా, తిరుగుతుందా?" అని అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

సుర్ పరీక్ష కూడా అక్కడే చేసుకోవచ్చు. పన్నెండో ఫ్రెట్ తీగని సరిగ్గా సగం చేస్తుంది. అక్కడ నొక్కి మీటితే ఖాళీ తీగ పలికిన స్వరమే ఒక స్థాయి పైన పలకాలి. ఫోన్‌లో ముఫ్త్‌గా దొరికే ట్యూనర్ యాప్ పెట్టి చూడండి, ముల్లు మధ్యలో నిలబడాలి. బాగా పక్కకి పోతే ఎంత మెహనత్ చేసినా ఆ గిటార్ మీద పాట బేసురాగానే వస్తుంది. తర్వాత మెడ అంచు వెంట అరచేయి జారించండి, ఫ్రెట్ల కొనలు గీసుకోకూడదు. చెవులు, అదే ట్యూనింగ్ మరలు, ఒక్కొక్కటీ తిప్పి చూడండి. వదులుగా ఊగేవి వద్దు.

చెక్క గురించి దుకాణ్‌దార్లు చాలా మాట్లాడతారు. ముందు పలక ఒకే చెక్క అయితే సాలిడ్ టాప్, పొరలు అతికించింది అయితే లామినేట్. సాలిడ్ టాప్ ఆవాజ్ విప్పారి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. ఆ ఫరక్ నిజమే. లేకిన్ మొదటి గిటార్‌కి నేను లామినేటే తీసుకోమంటాను. సాలిడ్ చెక్క నాజూక్. గాలిలో తేమ సగం దగ్గర నిలకడగా ఉంటే దానికి ఆరామ్. మన నల్లగొండలో, కర్నూల్లో మే నెల వడగాలికి అది ఎండి బీట ఇవ్వగలదు. రేకుల కింద ఉండే గదుల్లో, కూలర్ పక్కన, పిల్లలు పరుగులు పెట్టే ఇళ్లలో లామినేట్ మజ్బూత్‌గా నిలబడుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట కొత్తవాళ్లకి పనికిరాదు.

పేర్లు చెప్పమంటారా? యమహా ఎఫ్310 ఏళ్ల తరబడి మొదటి గిటార్‌గా నడుస్తోంది. ముందు పలక స్ప్రూస్ లామినేట్, తీగ పొడవు 634 మిల్లీమీటర్లు. దానికన్నా కాస్త తక్కువ కీమత్‌లో ఎఫ్280 ఉంది. ఇవి రెండూ సుమారుగా 8,000 నుంచి 11,000 మధ్య తిరుగుతుంటాయి. కోర్ట్ కంపెనీ ఏడీ810 కూడా ఆ చుట్టుపక్కలే. ఈ మూడింటి మధ్య ఆవాజ్ ఫరక్ వెతికి తల పగలగొట్టుకోకండి. ఏ దుకాణంలో ఏది బాగా సెట్ అయి ఉంటే అదే మంచిది. సాలిడ్ టాప్ కావాలంటే యమహా ఎఫ్‌జీ800, ఫెండర్ సీడీ-60ఎస్ ఉన్నాయి, వాటి హిసాబ్ వేరు, దాదాపు రెట్టింపు లెక్కేసుకోండి. మన కలకత్తా గివ్సన్ గిటార్లు చిన్న ఊళ్ల దుకాణాల్లో కూడా వేలాడుతూ కనిపిస్తాయి, జేబుకి భారం కావు. అలాంటివి పేరు చూసి కాకుండా చేత్తో ఎంచుకుని కొనాలి. నాలుగు తీయించి ఆ కార్డుల పరీక్ష పెడితే ఒకటి నిలబడవచ్చు.

పిల్ల వయసు పదేళ్లలోపు అయితే పెద్ద గిటార్ చంకలో ఇమడదు. యమహా జేఆర్ రకం చిన్నవి ఉన్నాయి, తీగ పొడవు 540 మిల్లీమీటర్లు. వేళ్లు మరీ సున్నితమైతే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఉంది, యమహా సీ40 లాంటిది. మెడ పైన 52 మిల్లీమీటర్ల వెడల్పు, స్టీలు తీగలదానికి 43 దాకా. నైలాన్ నొప్పి తక్కువ, మెడ వెడల్పు ఎక్కువ. ఒక ఖబర్దార్: నైలాన్ గిటార్‌కి ఎవరి మాటా విని స్టీలు తీగలు కట్టొద్దు, బ్రిడ్జ్ లేచిపోతుంది.

లోపల పికప్, పక్కన మీటలు, వైరు పెట్టే కన్నం ఉన్నవి ఎలక్ట్రో అకౌస్టిక్. ఇదే కీమత్‌లో అవి దొరుకుతున్నాయంటే ఆ పైసలు చెక్కలోంచి, మెడలోంచి తీసి కరెంటు సామాన్లో పెట్టారని అర్థం. స్టేజీ ఎక్కే రోజు వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చెల్లి బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంది. ఇంటర్ చదివే కూతురి కోసం రంజాన్ సీజన్ కుట్టుపనిలోంచి 6,000 పక్కన పెట్టింది. "భాయీజాన్, ఈ పైసల్లో వచ్చేది ఏదో ఒకటి చూడు, మళ్లీ ఇంత కూడబెట్టలేను" అంది. పుట్టింటి వైపు నుంచి మిగతాది నేను వేస్తానంటే వద్దంది, అది దాని ఇజ్జత్, నేను మాట్లాడలేను. ఆ 6,000కి కొత్తది కొంటే మా ఖాలా కొడుకు ఇంటి కహానీ మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. "మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ చెల్లి దగ్గర మెహంగాకి పైసలు లేవు. లేనివాళ్లకి ఆ సామెత చెప్పి ఊరుకుంటే జుల్మ్.

అందుకే సెకండ్‌హ్యాండ్ అన్నాను. షౌక్‌తో కొని ఏడాదికే అమ్మేసేవాళ్లు నగరంలో తక్కువేం కాదు. ఉద్యోగానికని ఊరు మారేవాళ్లు, హాస్టల్ ఖాళీ చేసేవాళ్లు కాలేజీ సెలవుల్లో అమ్మకానికి పెడతారు. కొత్తది 9,000 చేసే గిటార్ 5,000కి రావడం వింత కాదు. మన అమ్మీలు మటన్ దుకాణంలో చేసే బేరం ఇక్కడా చేయొచ్చు. చూడాల్సినవి మూడే: బ్రిడ్జ్ వెనక లేచి సందు కనిపిస్తోందా, మెడ మొదట్లో బీట ఉందా, తొలి మూడు ఫ్రెట్ల మీద తీగలు లోతుగా గాడులు చేశాయా. గీతలు, మచ్చలు ఎన్ని ఉన్నా ఫికర్ లేదు. ఫొటో చూసి పైసలు పంపొద్దు, వెళ్లి చేత్తో పట్టుకోవాలి.

మిగిలే వెయ్యిలో కొత్త తీగలు, సెటప్. తీగలు 12 నంబరు కాకుండా 10 లేదా 11 సెట్ అడగమన్నాను, సన్నగా ఉంటాయి, ఆడపిల్ల వేళ్లనే కాదు, ఎవరి వేళ్లనైనా మొదటి రెండు నెలలు కాపాడేది అదే. కాపో, మెరిసే స్టాండు ఇప్పుడు వద్దు. సంచి లేకపోతే చెల్లే కుట్టేస్తుంది, దానికి లోపల దూది పొర వేయమని కొలతలు కూడా పంపాను.

వచ్చే ఇత్వార్ రెండు గిటార్లు చూడ్డానికి వెళ్తున్నాం. భాంజీని కూడా తీసుకెళ్తున్నాను, వాయించాల్సిన వేళ్లు దానివే. కార్డులు నేను పెడతాను.